మర కొంటే సరిపోదు.. మర తిరగాలి!

చిన్న పరిశ్రమకు ముందే సమకూర్చుకోవలసిన వనరులివి
కారం యూనిట్ ఉదాహరణగా పెట్టుబడి, ఆదాయ వ్యయాల లెక్క

గుంటూరు: సొంత కాళ్లపై నిలబడాలన్న తపనతో జిల్లాలో ఎందరో యువకులు, స్వయం సహాయక సంఘాల మహిళలు చిన్న పరిశ్రమల వైపు చూస్తున్నారు. మిర్చికి పేరుగాంచిన ప్రాంతం కావడంతో వారిలో చాలామందికి మొదట తట్టే ఆలోచన కారం తయారీ యూనిట్. యంత్రాల విక్రేత వద్దకు వెళ్లి కొటేషన్ తీసుకోవడం, దాన్ని పట్టుకుని బ్యాంకు మెట్లెక్కడం, రాయితీ ఎంత వస్తుందో వాకబు చేయడం.. సాధారణంగా ఈ వరుసలోనే ప్రయత్నాలు సాగుతుంటాయి. రుణం మంజూరైతే సగం పని పూర్తయినట్లేనని భావిస్తారు.

చిక్కు అక్కడి నుంచే మొదలవుతుంది. యంత్రం ధర కొటేషన్‌లో కనిపిస్తుంది. దాన్ని ఏడాది పొడవునా నడిపించే సరుకు, అరువుగా వెళ్లిపోయే సొమ్ము, అమ్మకాలు ఊపందుకునే వరకు ఇల్లు గడిచే దారి మాత్రం ఏ కొటేషన్‌లోనూ ఉండవు. షెడ్డు లేచి, మర బిగించిన తర్వాత మిర్చి కొనడానికి డబ్బు లేక యూనిట్ ఆగిపోతే వాయిదాలు మాత్రం ఆగవు. తాకట్టులో ఉన్న ఇల్లు, ఇంట్లోని బంగారం ప్రమాదంలో పడతాయి. అందుకే రుణ దరఖాస్తుపై సంతకం చేయడానికి ముందే తమ వద్ద ఏ వనరులున్నాయో, ఏవి లేవో లెక్క తేల్చుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో రోజుకు ఒక క్వింటాల్ కారం తయారుచేసే యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం. ఇందులోని ధరలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. ఎవరికి వారు తమ ప్రాంతంలోని నేటి ధరలను వేసి చూసుకోవాలి.

మొదటి వనరు మార్కెట్

ఎంత తయారుచేయగలం అన్న ప్రశ్న కంటే ముందు ఎంత అమ్మగలం అన్నది తేలాలి. రోజుకు 100 కిలోలు, నెలకు 25 పని దినాలు అనుకుంటే నెలకు 2,500 కిలోల కారం తయారవుతుంది. పావు కిలో ప్యాకెట్లుగా చేస్తే 10 వేల ప్యాకెట్లు. ఒక కిరాణా దుకాణం నెలకు 40 ప్యాకెట్లు, అంటే పది కిలోలు తీసుకుంటుందనుకుందాం. మొత్తం సరుకు చెల్లాలంటే 250 దుకాణాలు కావాలి. ద్విచక్ర వాహనంపై తిరిగే ఒక మనిషి రోజుకు 25 దుకాణాలు చుట్టగలిగితే ఒక్కో దుకాణానికి పది రోజులకోసారి వెళ్లగలడు. ఆ మనిషి ఎవరు? బండి ఎవరిది? జీతం ఎంత? యంత్రం గురించి ఆలోచించే ముందు ఈ మూడింటికీ సమాధానం ఉండాలి.

కొత్త పేరుతో వచ్చే సరుకును దుకాణదారులు నగదు ఇచ్చి తీసుకోరు. అమ్ముడైన తర్వాతే డబ్బు ఇస్తామంటారు. పేరున్న సంస్థల కంటే ఎక్కువ మార్జిన్ అడుగుతారు. గడువు దాటిన ప్యాకెట్లను వెనక్కి ఇస్తారు. అందువల్ల యూనిట్ పెట్టడానికి రెండు నెలల ముందే వేరే మిల్లులో కూలికి కొంత కారం పట్టించి, 20 లేదా 30 దుకాణాల్లో ఉంచి చూడటం మేలు. ఈ ప్రయోగానికీ ఆహార భద్రత రిజిస్ట్రేషన్, నిబంధనల ప్రకారం లేబుల్ ఉండాలి. రెండోసారి సరుకు అడిగిన దుకాణాలు ఎన్నో లెక్కపెట్టుకుంటే అదే అసలైన మార్కెట్ సర్వే. హోటళ్లు, క్యాటరింగ్ నిర్వాహకులు, పచ్చళ్ల తయారీదారులతో ముందే మాట్లాడుకుంటే ప్యాకింగ్ ఖర్చు లేకుండా కొంత సరుకు బస్తాల్లోనే వెళ్లిపోతుంది.

ముడిసరుకు: మూడు నెలల పంట, పన్నెండు నెలల వ్యాపారం

గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట ప్రధానంగా జనవరి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పోటెత్తుతుంది. ఎండల తీవ్రత దృష్ట్యా మే నెలలో యార్డుకు సెలవులు ఇస్తుంటారు. తెలంగాణలోని ఖమ్మం, వరంగల్ ఏనుమాముల మార్కెట్లలోనూ సీజన్ ఇంచుమించు ఇదే. కారం అమ్మకం మాత్రం ఏడాదంతా సాగాలి. అంటే సీజన్‌లో కొని శీతల గిడ్డంగిలో నిల్వ పెట్టుకోవాలి. లేదంటే ఎప్పటికప్పుడు అప్పటి ధరకు కొనుక్కోవాలి. మామూలు గదిలో ఉంచిన కాయ నెలలు గడిచేకొద్దీ రంగు తగ్గుతుంది. తేమ పడితే బూజు, పురుగు పడతాయి.

తొడిమలు, తాలు కాయలు, తేమ, మరలో పోయే పొడి కలిపి పది శాతం తరుగు ఉంటుందనుకుందాం. ఏడాదికి 300 క్వింటాళ్ల కారానికి సుమారు 333 క్వింటాళ్ల మిర్చి కావాలి. క్వింటాల్ ధర రూ.15 వేలు అనుకుంటే ఏడాది ముడిసరుకు విలువ దాదాపు రూ.50 లక్షలు. షెడ్డు మరమ్మతు, మర, జల్లెడ, ప్యాకింగ్ యంత్రం, కాటా అన్నీ కలిపి రూ.6 లక్షలు అనుకున్నా, దానికి ఎనిమిది రెట్లకు పైగా సొమ్ము సరుకుకే కావాలి. ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి ఎక్కడుందో దీన్నిబట్టి స్పష్టమవుతుంది.

ధరల ఊగిసలాట మరో ముప్పు. 2023లో మేలు రకాల మిర్చి క్వింటాల్ రూ.20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరి నాటికి ధర ఎంతగా పడిపోయిందంటే, రైతులను ఆదుకోవడానికి మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం రూ.11,781 ధరను ప్రకటించవలసి వచ్చింది. క్వింటాల్ రూ.15 వేల చొప్పున వంద క్వింటాళ్లు నిల్వ చేసుకున్న తర్వాత ధర రూ.12 వేలకు దిగితే ఒక్క నిల్వలోనే రూ.3 లక్షల విలువ తగ్గిపోతుంది. ధర పెరుగుతుందన్న ఆశతో అప్పు తెచ్చి సరుకు నింపుకోవడం పరిశ్రమ నడపడం కిందికి రాదు. అది జూదమే అవుతుంది.

నిర్వహణ మూలధనం: బ్యాంకు లెక్క ఇదీ

యంత్రాలు, షెడ్డు కోసం ఇచ్చేది టర్మ్ లోన్. సరుకు కొనుగోలు, జీతాలు, అరువు బాకీల వంటి రోజువారీ అవసరాలకు ఇచ్చేది నిర్వహణ మూలధన రుణం. సాధారణంగా దీన్ని క్యాష్ క్రెడిట్ ఖాతా రూపంలో ఇస్తారు. మొదటిదానికి దరఖాస్తు చేసి రెండోదాన్ని మరచిపోవడం చిన్న యూనిట్లలో తరచూ జరిగే పొరపాటు.

చిన్న పరిశ్రమలకు నిర్వహణ మూలధనం ఎంత ఇవ్వాలన్న దానికి బ్యాంకులు నాయక్ కమిటీ సూత్రాన్ని ఆధారంగా తీసుకుంటాయి. ఏడాది అంచనా అమ్మకాల్లో 25 శాతం నిర్వహణకు అవసరమని, అందులో 20 శాతం బ్యాంకు, మిగిలిన 5 శాతం యజమాని పెట్టుకోవాలని ఈ సూత్రం చెబుతోంది. కిలో రూ.220 చొప్పున 30 వేల కిలోలు అమ్మితే ఏడాది టర్నోవర్ రూ.66 లక్షలు. అందులో 25 శాతం రూ.16.50 లక్షలు. బ్యాంకు వాటా రూ.13.20 లక్షలు, సొంత వాటా రూ.3.30 లక్షలు.

ఈ రూ.16.50 లక్షలు ఎన్నాళ్లకు సరిపోతాయి? దుకాణాల్లో నెల రోజుల అరువు ఉంటే అక్కడే రూ.5.50 లక్షలు చిక్కుకుంటాయి. మిగిలిన రూ.11 లక్షలతో 73 క్వింటాళ్ల మిర్చి వస్తుంది. నెలకు సుమారు 28 క్వింటాళ్లు ఖర్చయ్యే యూనిట్‌కు ఇది రెండున్నర నెలల నిల్వ మాత్రమే. జీతాలు, ప్యాకింగ్ సామగ్రికి తీయగా మిగిలేది ఇంకా తక్కువ. సీజన్‌లోనే ఏడాది సరుకు కొనేస్తామన్న ఆలోచన ఈ పెట్టుబడికి అందదు. అరువు మరో నెల పెరిగితే మర ఆపుకోవలసిందే.

కాబట్టి అరువు గడువును ముందే నిర్ణయించుకుని, దాటిన దుకాణానికి సరుకు ఆపగలిగే నిబ్బరం కూడా ఒక వనరే. గుర్తింపు పొందిన గిడ్డంగిలో నిల్వ చేసిన సరుకు రసీదుపై బ్యాంకులు రుణం ఇస్తాయి. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ ప్రాధికార సంస్థ వద్ద నమోదైన గిడ్డంగులు ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదులు ఇందుకు ఉపకరిస్తాయి. మనం ఎంచుకున్న శీతల గిడ్డంగికి ఆ నమోదు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

మిగిలేదెంత?

కిలో కారానికి అయ్యే ఖర్చు ఇలా ఉంటుందనుకుందాం.

* మిర్చి (తరుగుతో కలిపి): రూ.166.50
* ప్యాకింగ్: రూ.14
* తొడిమలు తీసే కూలి, ఇతర వేతనాలు: రూ.12
* రవాణా, అమ్మకం ఖర్చు: రూ.8
* కరెంటు: రూ.3
* మొత్తం: రూ.203.50

దుకాణానికి రూ.220కి ఇస్తే కిలోకు మిగిలేది రూ.16.50. నెలకు 2,500 కిలోలపై రూ.41,250. చూడటానికి బాగానే ఉంది. అయితే ఇందులోంచి షెడ్డు అద్దె రూ.8 వేలు, రూ.13.20 లక్షల నిర్వహణ రుణంపై 11 శాతం చొప్పున నెలకు వడ్డీ రూ.12,100, రూ.5.40 లక్షల టర్మ్ లోన్‌కు అయిదేళ్ల వాయిదా సుమారు రూ.11,740 పోవాలి. మొత్తం రూ.31,840. ఇక ఇంటికి చేరేది సుమారు రూ.9,400.

పూర్తి సామర్థ్యంతో నడిచి, మొత్తం సరుకు చెల్లి, బాకీలన్నీ వసూలైతేనే ఈ రూ.9,400. మిర్చి ధర క్వింటాల్‌కు రూ.1,500 పెరిగి, ప్యాకెట్ ధర పెంచలేకపోతే కిలోకు రూ.16.65 అదనపు ఖర్చు పడుతుంది. అంటే మిగులు మొత్తం హరించుకుపోతుంది. అమ్మకాలు సగమే ఉంటే మిగులు రూ.20,600కు తగ్గుతుంది. వాడిన మేరకే వడ్డీ కాబట్టి అదీ సగమైందనుకున్నా అద్దె, వాయిదా, వడ్డీ కలిపి సుమారు రూ.25,800 కట్టాలి. నెలకు రూ.5,200 చేతి నుంచి పెట్టుకోవలసి వస్తుంది.

కొత్త యూనిట్ తొలి ఆరు నెలలు సగం అమ్మకాలతో నడవడం అసాధారణమేమీ కాదు. ఆ లోటుకు, ఇంటి ఖర్చుకు నెలకు రూ.15 వేలు కలుపుకుంటే ఆరు నెలలకు సుమారు రూ.1.20 లక్షలు పక్కన ఉండాలి. ఈ సొమ్మును ఏ బ్యాంకూ అప్పుగా ఇవ్వదు. ఇది సొంతంగా దాచుకున్నదే అయి ఉండాలి.

మొత్తం కూడితే యంత్రాలపై సొంత వాటా రూ.60 వేలు, నిర్వహణలో సొంత వాటా రూ.3.30 లక్షలు, ఆరు నెలల నిల్వ రూ.1.20 లక్షలు, అద్దె అడ్వాన్సు, అనుమతులు, లేబుళ్ల అచ్చు వంటి వాటికి రూ.50 వేలు.. వెరసి సొంత సొమ్ము రూ.5.60 లక్షలు కావాలి. కొటేషన్‌లో రూ.6 లక్షలుగా కనిపించిన యూనిట్‌కు సరుకుతో కలిపి పెట్టుబడి రూ.22.50 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య తేడా తెలియకపోవడం వల్లే ఉత్సాహంగా మొదలైన యూనిట్లకు తాళాలు పడుతున్నాయి.

రాయితీ చేతికొచ్చే నగదు కాదు

ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం 2008 నుంచి అమల్లోకి వచ్చింది. 2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదం పొందిన నిబంధనల ప్రకారం తయారీ రంగంలో రూ.50 లక్షల వరకు, సేవా రంగంలో రూ.20 లక్షల వరకు ప్రాజెక్టులకు సాయం అందించారు. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు తదితర ప్రత్యేక వర్గాలకు 35 శాతం రాయితీగా నిర్ణయించారు. పట్టణాల్లో ఇది వరుసగా 15, 25 శాతం. సొంత వాటా సాధారణ వర్గానికి 10 శాతం, ప్రత్యేక వర్గాలకు 5 శాతం. భూమి ధరను ప్రాజెక్టు వ్యయంలో కలపరు.

ఇందులో చాలామంది గమనించని అంశం ఒకటుంది. రాయితీ సొమ్ము లబ్ధిదారు చేతికి రాదు. రుణ ఖాతాకు అనుబంధంగా మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలిన తర్వాతే రుణానికి జమ అవుతుంది. ఆ మేరకు రుణంపై వడ్డీ వేయరు. డిపాజిట్‌పైనా వడ్డీ ఇవ్వరు. మధ్యలో యూనిట్ మూతపడితే రాయితీ చేజారుతుంది. రాయితీని నమ్ముకుని సరుకు కొనుగోలుకు ప్రణాళిక వేసుకోవడం అందుకే ప్రమాదకరం.

2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకంలో అర్హమైన ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల రాయితీ నిర్ణయించారు. 'ఒక జిల్లా - ఒక ఉత్పత్తి' కింద గుంటూరుకు మిర్చిని ఎంపిక చేశారు. ఈ పథకాల గడువులు, కేటాయింపులు మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున ఏ నిబంధన అమల్లో ఉందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో నిర్ధారించుకున్నాకే అడ్వాన్సులు చెల్లించాలి. మంజూరు పత్రం రాకముందే యంత్రాలకు డబ్బు కట్టడం తగదు.

పూచీకత్తు లేని రుణమూ అప్పే

2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్ర పథకంలో శిశు కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు, తరుణ్ కింద రూ.10 లక్షల వరకు రుణాలు ఉన్నాయి. తరుణ్ రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి రూ.20 లక్షల వరకు అవకాశం కల్పించారు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రూ.10 లక్షల వరకు రుణాలపై ఆస్తి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులను ఆదేశించింది. అంతకు మించిన రుణాలకు 2000లో ఏర్పాటైన రుణ హామీ నిధి ట్రస్టు ద్వారా హామీ పొందే వీలుంది.

అయితే ఆ హామీ బ్యాంకుకే గాని రుణం తీసుకున్నవారికి కాదు. యూనిట్ దెబ్బతింటే ట్రస్టు బ్యాంకుకు కొంత నష్టం భర్తీ చేస్తుంది. రుణగ్రహీత బాకీ మాత్రం అలాగే ఉంటుంది. హామీ రుసుమునూ సాధారణంగా రుణగ్రహీత నుంచే వసూలు చేస్తారు. 90 రోజులకు మించి వాయిదాలు తప్పితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. సిబిల్ నివేదికలో ఆ మచ్చ పడితే తర్వాత ఇంటి రుణం పొందడమూ కష్టమవుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు అనంతరం స్వాధీనానికి బ్యాంకు చర్యలు చేపట్టవచ్చు. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. వాయిదా తప్పే పరిస్థితి కనిపించినప్పుడు ముందే బ్యాంకు మేనేజర్‌ను కలిసి గడువు సవరణ కోరడం శ్రేయస్కరం. ముఖం చాటేస్తే మార్గాలు మూసుకుపోతాయి.

స్థలం, కరెంటు, నీరు

కారం మర ఇళ్ల మధ్య పెడితే ఘాటుకు ఇరుగుపొరుగు ఇబ్బంది పడతారు. ఫిర్యాదు వస్తే యూనిట్ నిలిచిపోవచ్చు. నివాసాలకు దూరంగా, రోడ్డు సౌకర్యం ఉన్నచోట, త్రీఫేజ్ లైనుకు దగ్గరగా స్థలం చూసుకోవాలి. అద్దె షెడ్డయితే రుణ కాలానికి తగ్గకుండా లీజు రాయించుకోవాలి. నోటిమాట ఒప్పందంపై యంత్రాలు బిగిస్తే యజమాని ఖాళీ చేయమన్న రోజున తరలింపు ఖర్చు, కొత్త విద్యుత్ కనెక్షన్ ఖర్చు మీద పడతాయి. భూమి రెవెన్యూ రికార్డుల్లో ఏ విధంగా నమోదై ఉందో తహసీల్దారు కార్యాలయంలో పరిశీలించుకోవాలి. పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో యూనిట్ స్థానం కూడా ముందే తెలుసుకోవాలి. జిల్లాలో ఇతరత్రా అవకాశాలనూ పరిశీలించవచ్చు. సుగంధ ద్రవ్యాల బోర్డు ఏర్పాటుచేసిన స్పైసెస్ పార్కు యడ్లపాడు వద్ద ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో ఆ ప్రాంతం పల్నాడు జిల్లా పరిధిలోకి వెళ్లింది.

10 హెచ్‌పీ మోటారు దాదాపు 7.46 కిలోవాట్లు. రోజుకు నాలుగు గంటలు నడిస్తే సుమారు 30 యూనిట్లు, నెలకు 746 యూనిట్లు. యూనిట్ రూ.7 అనుకుంటే రూ.5,200 పైచిలుకు. దీనికి ఒప్పంద లోడుపై స్థిర ఛార్జీలు అదనం. మర తిరగకపోయినా ఇవి కట్టాలి. అవసరానికి మించిన మోటారు, లోడు తీసుకోవడం దండగ. ఇంటి కనెక్షన్‌తోనో, పొలం మోటారు కనెక్షన్‌తోనో మర నడిపితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా పరిగణించి రెట్టింపు టారిఫ్‌తో బిల్లు వేస్తారు.

అనుమతులు, కాగితాలు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్: 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆధార్, పాన్ ఆధారంగా ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. రుసుము అడిగే మధ్యవర్తులను, అదే పేరును పోలిన వెబ్‌సైట్లను నమ్మరాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.2.50 కోట్ల లోపు పెట్టుబడి, రూ.10 కోట్ల లోపు టర్నోవర్ ఉన్నవి సూక్ష్మ సంస్థల కిందికి వస్తాయి.

ఆహార భద్రత: ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 ప్రకారం టర్నోవర్‌ను బట్టి రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు తప్పనిసరి. 14 అంకెల సంఖ్యను ప్యాకెట్‌పై ముద్రించాలి. కారంలో తేమ 11 శాతం మించకూడదు. రంగులు కలపకూడదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ రంగును ఐరోపాలో గుర్తించిన తర్వాత తనిఖీలు కట్టుదిట్టమయ్యాయి. మిర్చి కొన్న ప్రతిసారీ తేమ చూసుకోవడం, తయారైన సరుకును గుర్తింపు గల ప్రయోగశాలలో పరీక్షించుకోవడం ఖర్చుగా భావించరాదు. ఒక్క నమూనా విఫలమైతే పేరే పోతుంది.

తూనికలు కొలతలు: కాటాకు ముద్ర వేయించాలి. ప్యాకెట్‌పై తయారీదారు చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, వినియోగదారుల ఫిర్యాదులకు ఫోన్ నంబరు వంటి వివరాలుండాలి. లేబుల్ అచ్చు వేయించే ముందే అధికారులకు చూపించుకుంటే వేల కవర్లు వృథా కాకుండా ఉంటాయి.

జీఎస్టీ: సరుకుల వ్యాపారంలో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. మన ఉదాహరణలోని యూనిట్ టర్నోవర్ రూ.66 లక్షలు కాబట్టి నమోదు కావలసిందే. ఇతర రాష్ట్రాలకు సరుకు పంపితే పరిమితితో నిమిత్తం లేకుండా నమోదు కావాలి. కారంపై పన్ను 5 శాతం. పైన చెప్పిన రూ.220కి ఇది అదనం. ఈ సొమ్ము ప్రభుత్వానిది. దాన్ని సరుకు కొనుగోలుకు వాడుకుంటే రిటర్ను గడువు నాటికి కొత్త అప్పు చేయవలసి వస్తుంది.

బాకీ వసూలుకు చట్టం అండ

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీ సంస్థల నుంచి సరుకు తీసుకున్న కొనుగోలుదారు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ చెల్లించాలి. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఈ రక్షణ కావాలంటే తొలి అమ్మకానికి ముందే ఉద్యమ్ నమోదు పూర్తిచేసుకుని, ప్రతి బిల్లుపై ఆ సంఖ్య వేసుకోవాలి. పెద్ద హోటళ్లు, సంస్థలకు సరుకు ఇచ్చేవారికి ఇది ఎంతో ఉపయుక్తం. వీధి చివర కిరాణా దుకాణంపై కౌన్సిల్‌కు వెళ్లడం ఆచరణలో సాధ్యం కాదు. అక్కడ అరువు పరిమితే రక్ష.

నైపుణ్యం, మనుషులు

మర తిప్పడం వారంలో నేర్చుకోవచ్చు. కాయను చూసి రకం, తేమ, తాలు శాతం అంచనా వేయడానికి మాత్రం అనుభవం కావాలి. ఘాటుకు తేజ, రంగుకు బాడిగ వంటి రకాలను ఏ పాళ్లలో కలిపితే ఏ ధరలో ఎలాంటి కారం వస్తుందో తెలిసినవారే ఈ వ్యాపారంలో నిలుస్తారు. ఒక సీజన్ పాటు యార్డులో కొనుగోలుదారుల వెంట తిరగడం మంచి శిక్షణ. గుంటూరు సమీపంలోని లాం ఉద్యాన పరిశోధన స్థానం, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ నుంచి సాంకేతిక సలహాలు పొందవచ్చు. బ్యాంకుల ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో గ్రామీణ యువతకు ఉచిత శిక్షణ ఇస్తారు. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థలోనూ వివిధ కోర్సులున్నాయి.

తొడిమలు తీసే మహిళా కూలీలకు సీజన్‌లో గిరాకీ ఎక్కువ. రైతుల కల్లాలు, యార్డు, శీతల గిడ్డంగులు అన్నింటికీ అప్పుడే మనుషులు కావాలి. ముందే మాట్లాడుకోకపోతే కూలి పెంచినా దొరకరు. పనిచేసేవారికి మాస్కులు, కళ్లద్దాలు, గాలి బయటకు పంపే ఫ్యాన్లు తప్పనిసరి. పది మంది లేదా అంతకు మించి ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది లేదా అంతకు మించి ఉంటే భవిష్య నిధి బాధ్యతలు ఉంటాయి.

ఖాతా పుస్తకం రాసే అలవాటు మరో ముఖ్య వనరు. ఇంటి ఖర్చు, యూనిట్ ఖర్చు ఒకే సంచిలోంచి తీస్తే లాభమో నష్టమో ఎన్నటికీ తేలదు. మొదటి రోజు నుంచే వేరుగా కరెంట్ ఖాతా తెరవాలి. సరుకు, బాకీల పట్టికను నెలనెలా రాయాలి. క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంటే బ్యాంకు అడిగేది కూడా ఈ పట్టికనే.

వనరులు చాలకపోతే?

పైన చెప్పిన రూ.5.60 లక్షల సొంత సొమ్ము లేనివారు పరిశ్రమ ఆశ వదులుకోనవసరం లేదు. అంచెలంచెలుగా వెళ్లవచ్చు. వేసవిలో ప్రతి ఇంటా ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడం, ఆవకాయకు కారం సిద్ధం చేసుకోవడం మన ఆనవాయితీ. మిర్చి వారే తెచ్చుకుంటారు. మనకు అందేది పట్టుడు కూలి. ఇందులో సరుకు పెట్టుబడి లేదు, అరువు లేదు, ధర పడిపోతుందన్న భయం లేదు. పసుపు, ధనియాలు, పిండి కూడా వేర్వేరు మరలపై పడితే మిగతా నెలల్లోనూ పని దొరుకుతుంది. ఈ కూలి ఆదాయంతో వాయిదా కట్టుకుంటూ, తెలిసిన దుకాణాలకు నెలకు రెండు, మూడు క్వింటాళ్ల సొంత కారంతో మొదలుపెట్టి, వసూళ్లు కుదిరాక పెంచుకోవచ్చు. స్వయం సహాయక సంఘాల సభ్యులు కలిసి పెడితే కాయ కొనుగోలు, అమ్మకం పనులను పంచుకోవచ్చు.

కారం యూనిట్‌కు వేసిన ఈ లెక్క బేకరీకైనా, పేపర్ ప్లేట్లకైనా, కుట్టు కేంద్రానికైనా అక్కరకొస్తుంది. అంకెలు మారతాయి గాని అడగవలసిన ప్రశ్నలు అవే.

బ్యాంకుకు వెళ్లే ముందు వీటికి సమాధానాలు రాసుకోండి

* రెండోసారి సరుకు అడిగే దుకాణాలు ఎన్ని?
* ముడిసరుకు ఏ నెలల్లో దొరుకుతుంది? ఎన్ని నెలల నిల్వకు డబ్బు ఉంది?
* అరువు ఎన్ని రోజులు? అది రెట్టింపైతే మర ఎన్ని రోజులు తిరుగుతుంది?
* ముడిసరుకు ధర పది శాతం పెరిగితే ఏం మిగులుతుంది?
* సగం అమ్మకాలతో ఆరు నెలలు గడవడానికి సొంత నిల్వ ఎంత?
* టర్మ్ లోన్‌తో పాటు నిర్వహణ మూలధనానికీ దరఖాస్తు చేశామా?
* రాయితీ రాకపోయినా యూనిట్ నడుస్తుందా?

ఈ ఏడింటిలో దేనికైనా సమాధానం దొరకకపోతే దరఖాస్తును కొన్నాళ్లు వాయిదా వేసుకోవడమే ఉత్తమం. వచ్చే సీజన్‌కు మిర్చి మళ్లీ యార్డుకు వస్తుంది. తాకట్టులో పోయిన ఇల్లు మాత్రం అంత సులువుగా తిరిగి రాదు.